అది చెయ్యబోమని ప్రమాణం

మా బడిలో పిల్లలకు ‘అది’ చెయ్యవద్దని బోధించే పని నాకు అప్పగించడానికి ఒకటే కారణం. దాని గురించి నాకు ఏమీ తెలియదని అధికారులకు గట్టి నమ్మకం.

నేను సోషల్ మాస్టారిని. పేరు దక్షిణామూర్తి. వయసు యాభై దాటింది, పెళ్లి కాలేదు. ఇందులో నా గొప్పతనమేమీ లేదు. మా అమ్మ చూసిన సంబంధాల వాళ్లంతా కూడబలుక్కున్నట్టు ఒకే నిర్ణయం తీసుకున్నారు, నేను దానికి కట్టుబడ్డాను. అయితే రాష్ట్ర సంయమన విద్యా మిషన్ వారి సర్క్యులర్ వచ్చిన రోజున మా హెడ్మాస్టరు కోటిలింగం గారు నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, టీ తెప్పించారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ గదిలో నాకు టీ దొరకడం అదే మొదలు. ఏదో అంటగట్టబోతున్నారని అప్పుడే అనుకున్నాను.

ఆయన సర్క్యులర్ చదివి వినిపించారు. “పై విషయమై తెలియజేయునదేమనగా, కౌమార దశ యందున్న విద్యార్థినీ విద్యార్థులలో సంయమనము పెంపొందించు నిమిత్తము ప్రతి ఉన్నత పాఠశాల యందు ఒక సంయమన ఉపాధ్యాయుని నియమించవలెను. సదరు ఉపాధ్యాయుడు విషయ పరిజ్ఞానము కలవాడై ఉండరాదు. విషయము తెలిసినవారు బోధించినచో విద్యార్థులకు విషయము తెలిసిపోవు ప్రమాదము కలదు.”

“బయాలజీకి షాహీనా మేడం ఉన్నారు కదండీ” అన్నాను.

“ఆవిడకి తెలుసు” అన్నారాయన గొంతు తగ్గించి, ఆవిడకేదో అంటుజబ్బు ఉన్నట్టు. “పైగా పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఇంట్లో చదువుకోండని వదిలెయ్యకుండా, నిలబడి చెప్తుంది. అందరు బయాలజీ టీచర్లూ మర్యాదగా వదిలేసే పాఠం అది. కాబట్టి ఆవిడ మొదటి వడపోతలోనే పోయింది. పెళ్లయిన వాళ్లంతా రెండో వడపోతలో పోయారు. ఇక మిగిలింది నువ్వూ, వాచ్‌మనూ. వాచ్‌మన్‌కి డిగ్రీ లేదు.”

అలా నా జీవితంలో మొదటిసారి ఒక సంబంధం కుదిరింది.

శిక్షణ జిల్లా కేంద్రంలో ఒక ఏసీ హాల్లో పెట్టారు. మిషన్ సంచాలకులు డాక్టర్ అనంతశయనం గారే స్వయంగా వచ్చారు. ఆయన డాక్టరేట్ గ్రంథాలయ శాస్త్రంలో. పుస్తకాలను ఎవరికీ అందకుండా భద్రపరచడం మీద పరిశోధన చేశారని పరిచయం చేసినాయన చెప్పాడు. మాకందరికీ ‘సంయమన దీపిక’ అనే పుస్తకం ఇచ్చారు. ముఖచిత్రం మీద దీపం ఉంది, లోపల సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి.

“రెండే సూత్రాలు” అన్నారు సంచాలకులు. “ఒకటి, విద్యార్థులకు అది చేయరాదని చెప్పవలెను. రెండు, అది ఏమిటో చెప్పరాదు. ఈ రెండు సూత్రాలనూ సమన్వయం చేసుకోగలిగితే జాతి నిలబడుతుంది.”

“పిల్లలు అడిగితే ఏం చెప్పాలండీ?” అన్నాను.

“పెళ్లయిన పిదప తెలియునని చెప్పండి.”

“నాకు పెళ్లి కాలేదండీ.”

ఆయన వేదిక దిగి వచ్చి నా భుజం తట్టారు. తరవాత తట్టినందుకు కంగారుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. “మీరే మాకు ఆదర్శం” అని నాకు శాలువా కప్పించారు. కప్పినవాడు నన్ను తాకకుండా దూరం నుంచి విసిరాడు.

మధ్యాహ్నం లడ్డూ ప్రయోగం చేశారు. ఒక లడ్డూ తీసుకుని హాల్లో అందరి చేతుల మీదుగా తిప్పారు. వెనక బెంచీ దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి అది నల్లబడి, మెత్తబడి, ఒక పక్క విరిగింది. “చూశారా, ఒకసారి పరుల చేయి తగిలినచో బతుకు ఇంతే. ఇప్పుడు దీనిని ఎవరు స్వీకరింతురు?” అని సంచాలకులు చాలా బాధగా అడిగారు. నాకు తోడుగా వచ్చిన మా బడి డ్రిల్లు మాస్టారు పేరయ్య గారు మధ్యాహ్నం భోజనాల దగ్గర వెనకబడిపోయి ఉన్నారు. ఆయన లేచి వచ్చి లడ్డూ తీసుకుని తినేశారు. బాగానే ఉందన్నారు కూడా. ఆ భాగాన్ని శిక్షణ నివేదికలోంచి తీసేశారు.

బడి తెరిచాక మొదటి సోమవారం ప్రార్థనలో, మామూలు ప్రతిజ్ఞ అయిపోగానే, నేను మైకు ముందుకు వెళ్లి చెయ్యి చాపాను. పిల్లలూ చాపారు. “పెళ్లి అయ్యేంతవరకు నేను అది చెయ్యనని, చేసేవారి పక్కన కూర్చోనని, అది ఏమిటని ఎవరినీ అడగనని, ఒక్కసారి జరిగినా నా జీవితం నాశనమని తెలుసుకుని నడుచుకుంటానని ప్రమాణం చేస్తున్నాను.” పిల్లలు గొంతెత్తి చెప్పారు. ఆరో తరగతి వాళ్లు అందరికన్నా గట్టిగా చెప్పారు. తల్లిదండ్రులకు కూడా ఒక ప్రతి పంపి, సంతకం పెట్టించాం.

ఆ రోజు పదో తరగతిలో మొదటి పాఠం. చెయ్యకూడదని చెప్పాను. మళ్లీ చెప్పాను. పుస్తకంలో ఇంకేమీ లేదు కాబట్టి మూడోసారి కూడా చెప్పాను. గంట కొట్టడానికి ఇంకా చాలా టైముంది.

“సార్, సైకిలు మీద డబుల్స్ తొక్కితే అది అయిద్దా సార్?” అన్నాడు ఒకడు.

“సార్, సగం కొరికిన చిక్కీ ఇంకొకళ్లకి పెడితే?”

“కలలోకి వస్తే సార్?”

“ఎవరు రావడం?” అన్నాను.

“ఎవరైనా సార్.”

నేను సంయమన దీపిక తిరగేశాను. చిక్కీ గురించి లేదు. సందేహాలన్నీ రాసి, మిషన్ కార్యాలయానికి పంపి, ఇవి అది కావని పిల్లలకు చెప్పవచ్చునా అని అడిగాను. బుద్ధి తక్కువై అడిగాను. జవాబు చాలా త్వరగా వచ్చింది. మా శాఖలో అంత త్వరగా వచ్చిన జవాబు అదొక్కటే.

“తమరి లేఖ పరిశీలించడమైనది. అది ఏమిటో చెప్పరాదన్న నిబంధన తమకు విదితమే. అయితే ఏది అది కాదో చెప్పుకుంటూ పోయినచో, కుశాగ్రబుద్ధి గల విద్యార్థి ఒక్కొక్కటి తీసివేసుకుంటూ పోయి, చివరకు మిగిలినదే అదని గ్రహించు ప్రమాదము కలదు. కావున ఇకమీదట ఏ పనినీ అది కాదని ధ్రువీకరించరాదు. సందేహము గల సమస్త కార్యములనుండి విద్యార్థులను నివారించవలెను.”

లెక్కల మాస్టారికి చూపిస్తే ఇందులో తర్కం ఎక్కడా తప్పలేదన్నారు. నాకూ అలాగే అనిపించింది.

సమస్త కార్యములనూ నివారించడం మొదలుపెట్టాం. సైకిలు డబుల్స్ మానిపించాం. చిక్కీలు మానిపించాం. ఆడపిల్లల వరసకీ మగపిల్లల వరసకీ మధ్య మూరెడు ఎడం ఉండాలన్నారు. మూర అంటే ఎవరి మూర అని మగపిల్లలు అడిగితే, హెడ్మాస్టరు గారి చేతిని ప్రామాణికంగా తీసుకుని ఒక కర్ర కొట్టించాం. పదో తరగతి బయాలజీ పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం పేజీలన్నీ కలిపి స్టేప్లరుతో పిన్నులు కొట్టించాం. పబ్లిక్ పరీక్షలో అందులోంచి ప్రశ్న వస్తే ఎలాగని షాహీనా మేడం అడిగింది. ఆ ప్రశ్నకు సంయమనం పాటించి ఏమీ రాయని వారికి పూర్తి మార్కులు వేయించే ప్రతిపాదన పరిశీలనలో ఉందని హెడ్మాస్టరు గారు చెప్పారు.

బడి వెనక మధ్యాహ్న భోజనం కోసం పెంచుకునే గుమ్మడి పాదు ఉంది. తేనెటీగలు తగ్గిపోయాయని, షాహీనా మేడం పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్లి, మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దించేది. మండల పర్యవేక్షకులు ఒకరోజు చూసి నిలువునా వణికిపోయారు. మేడంకి మెమో ఇచ్చారు. పాదు చుట్టూ తడిక కట్టించి, మగపూలు కనపడినవి కనపడినట్టు కోయించారు. పిందెలన్నీ రాలిపోయాయి. వంటావిడ చంద్రమ్మ ఖాళీ గంప తెచ్చి హెడ్మాస్టరు బల్లమీద పెట్టి, “సాంబారులో ఏం వెయ్యమంటారు సార్, ప్రమాణం వెయ్యనా?” అంది. ఆమెని కూడా శిక్షణకు పంపాలని ఆయన రాసుకున్నారు.

ఇంతవరకూ నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఇక ఖోఖో దగ్గరికి వస్తాను.

మా బడికి పేరంటూ ఉంటే అది ఖోఖో వల్లే. పదో తరగతి బత్తుల అంజని పరిగెడితే మెరుపులా తిరిగేది, జిల్లా జట్టుకి ఎంపికవుతుందని పేరయ్య మాస్టారు ఊరంతా చెప్పుకున్నారు. ఆడపిల్లలు సరిపోక, మగపిల్లల్ని కలుపుకుని ప్రాక్టీసు చేయించేవారు. ఈ ఆటలో వరసగా కూర్చున్న వాళ్లని వెనకనుంచి వీపు మీద తట్టి ‘ఖో’ అనాలి. అప్పుడు వాళ్లు లేచి పరిగెత్తాలి. మిషన్ వారు దీనికి స్పర్శరహిత ఖోఖో అని నియమావళి పంపారు. మూరెడు దూరాన నిలబడి, “లేవగలరు” అని మర్యాదగా చెప్పాలి. పట్టుకోవాల్సిన వాళ్లని పట్టుకోకుండా, “మీరు అవుటైనట్టు మీ మనస్సాక్షికి తోచుచున్నదా?” అని అడగాలి. మొదటి రోజు ఆట సాయంత్రం దాకా సాగింది. ఎవరి మనస్సాక్షికీ తోచలేదు.

రెండో రోజు భార్గవ్ అనే కుర్రాడు పాత అలవాటులో అంజని వీపు మీద చెయ్యివేసి “ఖో” అన్నాడు. అంజని లేవలేదు. ఆ కూర్చున్నచోటే ఉండిపోయింది. తరవాత సంచీ తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. భార్గవ్ మాత్రం వచ్చాడు గానీ, కుడిచెయ్యి జేబులోంచి తియ్యడం మానేశాడు. నోట్సు ఎడమ చేత్తో రాస్తున్నాడు.

వారం గడిచాక నేను అంజని వాళ్లింటికి వెళ్లాను. అంజని తండ్రి ఏడుకొండలుకి టెంట్‌హౌస్ ఉంది. ఊళ్లో ఏ పెళ్లికైనా, ఏ సభకైనా షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అతనివే. నన్ను చూసి లేచి, ఒక ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. గోడమీద మా ప్రమాణపత్రం ఫ్రేము కట్టించి ఉంది. పక్కన పందిరి గుంజలకి కొత్తగా రంగులు వేస్తున్నారు.

“అంజని రావడం లేదేమయ్యా?” అన్నాను.

“ఆదివారం పెళ్లి సార్” అన్నాడతను. “మా అక్క కొడుకే. సెల్‌షాపు పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లు, బుద్ధిమంతుడు.”

“దానికి పదిహేనేళ్లు కదయ్యా.”

“తెలుసు సార్. నాకేం సరదానా? దాన్ని పెద్ద చదువులు చదివిద్దామనే గదా ఇన్నాళ్లూ అనుకుంది. అది ఆ రోజు ఇంటికొచ్చి, నాన్నా, అది జరిగిపోయింది, నా బతుకు నాశనం అని ఒకటే ఏడుపు. ఏంది తల్లీ జరిగింది అంటే చెప్పదు. అన్నం ముట్టదు. వాళ్లమ్మ తల బాదుకుంటా ఉంది. నేను ఈ కాయితం చదివా.” గోడమీది ఫ్రేము చూపించాడు. “పెళ్లి అయ్యేంతవరకే అని రాశారు గదా సార్. అంటే ప్రమాదం పెళ్లిదాకానే. పెళ్లి చేసేస్తే ప్రమాదం తీరిపోద్ది. ఇంక లేటు చేయడం ఎందుకు?”

ఇది కూడా తర్కంలో ఎక్కడా తప్పలేదు.

“ఏమీ జరగలేదయ్యా. ఖోఖోలో వీపు మీద తట్టాడు, అంతే. అది అది కాదు” అన్నాను.

ఏడుకొండలు నావంక జాలిగా చూశాడు. “మీకేం తెలుసు సార్, పెళ్లి కాని మనిషి. మీరంటే గౌరవమే. కానీ ఇది మిషన్ వాళ్లు చెప్పాలి. వాళ్లని చెప్పమనండి, ఇప్పుడే ఆపేస్తా.”

మర్నాడు షాహీనా మేడం వెళ్లింది. అంజని తల్లి గడప దాటనివ్వలేదు. విషయం తెలిసినవాళ్ల దగ్గరికి పిల్లల్ని పోనివ్వవద్దని మిషన్ వాళ్లు ఉత్తరం పంపారంట గదా మేడం అందట. మేడం అక్కడినుంచే బాలల సంరక్షణ అధికారిణికి ఫోన్ చేసింది. ఆవిడ మా బడి సభకి పూలదండలూ ప్రసాదాలూ చూసే పనిమీద డెప్యుటేషన్‌లో ఉంది. సోమవారం నుంచి మామూలు విధుల్లో చేరతానంది. పెళ్లి ఆదివారం.

సభ ఏమిటంటే, మమ్మల్ని జిల్లాలో మొట్టమొదటి ‘సంపూర్ణ సంయమన పాఠశాల’గా ప్రకటించారు. శనివారం సంచాలకులు వచ్చి ఫలకం ఇస్తారు. నేను హెడ్మాస్టరు గారి ఫోన్లోంచి సంచాలకులకే మాట్లాడాను. ఒక అమ్మాయి పెళ్లి జరిగిపోతోందని, వీపు మీద చెయ్యి పడితే ఏమీ కాదని మిషన్ తరఫున ఒక్క ముక్క చెబితే ఆగిపోతుందని బతిమాలాను.

“ఏమీ కాదని మేము చెప్పినచో, ఏమి అగునో మాకు తెలుసునని ఒప్పుకున్నట్టు కాదా?” అన్నారాయన. “అయినా మాస్టారూ, తమరు దీనిని ప్రతికూల దృష్టితో చూచుచున్నారు. ఒక విద్యార్థిని శాశ్వతముగా ప్రమాద పరిధి దాటిపోవుచున్నది. ఫోటోతో సహా పంపండి. విజయగాథల సంచికలో వేయిస్తాము.”

ఫోను పెట్టేశాక హెడ్మాస్టరు గారు నా మొహం చూసి, ఈసారి టీ తెప్పించలేదు, మంచినీళ్లు ఇచ్చారు. పింఛనుకి ఇంకెంతో దూరం లేదు దక్షిణామూర్తీ, నన్ను ఇరికించకు, అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే ఆ పిల్ల పెళ్లి జరిగిపోతోంది, అదే నాకు మింగుడు పడలేదు.

శనివారం బడి ఆవరణలో పెద్ద షామియానా వేశారు. వేసింది ఏడుకొండలే. ఈ సభ కాగానే అదే షామియానా, అవే కుర్చీలు వాళ్లింటి ముందుకు వెళతాయి. ఆడపిల్లలకీ మగపిల్లలకీ మధ్య ఎర్రగుడ్డ అడ్డం కట్టారు. హాజరు నూటికి నూరు ఉంటేనే ఫలకం ఇస్తారు కాబట్టి, హెడ్మాస్టరు గారు ఏడుకొండలుని బతిమాలి, అంజనిని ఒక్కపూటకి పంపమన్నారు. కుర్చీల లారీలోనే తండ్రితో వచ్చింది. చేతులకి గోరింటాకు పెట్టి ఉంది. మనిషి సగమైపోయింది.

సంచాలకులు గంభీరంగా లేచారు. “ఈ పాఠశాల యందు సాధించబడిన ఫలితమును స్వయముగా పరీక్షించెదను. విద్యార్థులారా, మీరు ఏమి చేయరు?”

“అది చెయ్యం సార్” అన్నారు పిల్లలంతా.

“అది అనగానేమి?”

ఒక్క చెయ్యి లేవలేదు. ఎక్కడా గుసగుస కూడా లేదు. సంచాలకుల కళ్లు చెమ్మగిల్లాయి. “చూశారా” అన్నారు వేదిక మీద ఉన్న వాళ్లతో. “పోయినవారం వేరొక పాఠశాలలో ఇదే ప్రశ్నకు ఒక బాలుడు సగము జవాబు చెప్పాడు. ఆ పాఠశాలకు ఫలకము నిలిపివేశాము. ఇక్కడ నూటికి నూరుపాళ్ల అజ్ఞానము. ఇది తపస్సు.”

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక అంజని లేచి నిలబడింది.

“నేను చేశాను సార్” అంది.

వేదిక మీద ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

“ఏమి చేశావమ్మా?” అన్నారు సంచాలకులు, అడగకుండా ఉండాల్సిందని అప్పుడే తెలుసుకుంటూ.

“మీరు చెయ్యొద్దన్నదే సార్. ఖోఖోలో భార్గవ్ నా వీపు మీద చెయ్యి వేశాడు. వాడి తప్పు లేదు, మర్చిపోయి వేశాడు. నా బతుకు అయిపోయిందని మా అమ్మ రోజూ ఏడుస్తా ఉంది. రేపు నా పెళ్లి. నాకు ఒక్కటి చెప్పండి సార్. అది అదేనా?”

ఆ పిల్ల గొంతు వణకలేదు. వణికే దశ దాటిపోయింది. సంచాలకులు, ఇది జిల్లా స్థాయి అంశమని జిల్లా అధికారి వైపు చూశారు. జిల్లా అధికారి క్షేత్రస్థాయి అంశమని మండల పర్యవేక్షకుల వైపు చూశారు. ఆయన పాఠశాల అంతర్గత వ్యవహారమని హెడ్మాస్టరు గారి వైపు చూశారు. హెడ్మాస్టరు గారు తల వంచుకుని నావైపు చెయ్యి చూపించారు. నేను కూడా పక్కకి చూశాను. నా కింద ఎవరూ లేరు. వాచ్‌మన్ గేటు దగ్గర ఉన్నాడు.

అంజని నన్నే చూస్తోంది. నాకు చాలా కోపం వచ్చింది. అంత కోపం నాలో ఉందని నాకే తెలియదు. లేచి మైకు దగ్గరికి వెళ్లాను.

“కాదమ్మా” అన్నాను. “అది అది కాదు. నీకేమీ కాలేదు. నీ బతుకు నీ దగ్గరే ఉంది.”

వెంటనే ఎర్రగుడ్డకి ఇటూ అటూ చేతులు లేచాయి.

“సార్, మరి సైకిలు డబుల్స్?”

“కాదు.”

“సగం కొరికిన చిక్కీ సార్?”

“కాదు. తినే ముందు చేతులు కడుక్కో.”

“కలలోకొస్తే?”

“కాదురా.”

“పక్కన కూర్చుంటే? పెన్ను తీసుకుంటే? నవ్వితే?”

“కాదు, కాదు, కాదు.”

“ఆపండి మాస్టారూ” అన్నారు సంచాలకులు చెమటలు తుడుచుకుంటూ. “దగ్గరికి వచ్చేస్తున్నారు. ఇంక ఎక్కువ మిగల్లేదు.”

“మరి అదేంటి సార్?” అంది అంజని.

సభంతా నా నోటివంక చూసింది. “నాది సోషలమ్మా. అది మేడం పాఠం” అన్నాను.

షాహీనా మేడం ఆడపిల్లల వరస చివరనుంచి లేచింది. చీరకొంగు నడుముకి దోపుకుంటూ మైకు దగ్గరికి వచ్చింది. “పదో తరగతి, బయాలజీ పుస్తకాలు తియ్యండి. పిన్నులు మెల్లగా పీకండి, వేళ్లకి గుచ్చుకుంటాయి. మిగతా తరగతుల వాళ్లు చెట్ల కింద ఆడుకోండి.”

పిన్నులు ఊడదీస్తున్న చప్పుడు చాలాసేపు వినపడింది. ఈ పాఠం వినడం కూడా నిబంధనలకు విరుద్ధం కాబట్టి అధికారులు ఫలకంతో సహా కార్లెక్కారు. తొందరలో సంచాలకుల శాలువా కుర్చీకి చిక్కుకుని ఉండిపోయింది. మేడం తెలుగు పదాలతో, బొమ్మలతో, సిగ్గుపడకుండా, తొందరపడకుండా చెప్పింది. ఎలా అవుతుందో చెప్పింది, ఎలా కాదో చెప్పింది. ఎవరైనా బలవంతం చేస్తే ఎవరికి చెప్పుకోవాలో చెప్పింది. తొందర ఎందుకు వద్దో కూడా చెప్పింది, కారణాలతో. పిల్లలు నవ్వుతారనుకున్నాను. మొదట కాసేపు నవ్వారు, తరవాత రాసుకున్నారు. ముఖ్యమైన ప్రశ్నలు అని కూడా పైన రాసుకున్నారు.

ఏడుకొండలు గుంజకి ఆనుకుని మొత్తం విన్నాడు. అతని పనివాళ్లూ విన్నారు. అయిపోయాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“మిషన్ కాయితం లేకుండా నమ్ముతావా ఏడుకొండలూ?” అన్నాను.

“నాకు ముగ్గురు పిల్లలు సార్. అదేందో నాకు తెలవదా?” అన్నాడు. “వీపు మీద తట్టాడని మీరు ఆరోజే చెప్పారు. నేను ఇంటికి పోయి, అంతేనా తల్లీ అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. అడగడానికి నోరు రాలా. ఆ మాట అడగడం కంటే పెళ్లి చేసేయడమే తేలికనిపించింది.”

అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని, పనివాళ్ల వైపు తిరిగి, గుడ్డలు విప్పండ్రా అన్నాడు. ఇంటి దగ్గరికేనా అన్నా అని వాళ్లు అడిగారు. “గోడౌనుకి” అన్నాడు. “రేపేం లేదు. ఎల్లుండి మా పిల్లకి ఆటుంది.”

అక్కకి ఏం చెప్పాడో, అంజని తల్లికి ఏం చెప్పాడో నాకు తెలియదు. అక్కగారు ఇప్పటికీ అతనితో మాట్లాడటం లేదని విన్నాను.

ఆ రాత్రికే నన్ను సస్పెండ్ చేశారు. అభియోగ పత్రం తరవాత వచ్చింది. “తాము సభాముఖముగా, అది కానిదానిని అది కాదని చెప్పి, తద్వారా అది ఏమిటో తెలియుటకు దోహదపడితిరి. సంజాయిషీ ఇవ్వగలరు.” నేను వినయంగా జవాబు రాశాను. నేను దేనిని బయటపెట్టానని ఆరోపిస్తున్నారో దాని పేరు తెలియజేస్తే సంజాయిషీ ఇచ్చుకుంటానని. విచారణాధికారిని వేశారు. ఆయన ఆ పేరు రాయకుండా విచారణ ఎలా చెయ్యాలో స్పష్టత కోరుతూ పైకి రాశారు. పైవాళ్లు ఇంకా పైకి రాశారు. ఫైలు ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు. అది తమ దగ్గర ఉన్నవాళ్లు కూడా తెరవడం లేదట.

సస్పెన్షన్ వల్ల నాకు ఖాళీ దొరికి, ఆ సోమవారమే జిల్లా జట్టు ఎంపికకి పిల్లలతో వెళ్లాను. గుమ్మడి పాదుకి తడిక తీసేశారని దారిలో చంద్రమ్మ చెప్పింది. భార్గవ్ కూడా వచ్చాడు. రెండు చేతులూ బయటే ఉన్నాయి.

అంజనికి ఇంకా నీరసం పూర్తిగా తగ్గలేదు. అయినా పరిగెత్తింది. వరసలో కూర్చున్న పిల్ల వెనక్కి దూసుకొచ్చి, అరచెయ్యి మొత్తం తెరిచి, దాని వీపు మీద ఒక్కటి వేసి “ఖో” అంది. ఆ చప్పుడు గ్రౌండు ఈ చివరకి వినపడింది. ఆ పిల్ల బాణంలా లేచి పోయింది.

ఆట అయ్యాక రొప్పుతూ వచ్చి నా పక్కన కూలబడింది. నీళ్ల సీసా ఇచ్చాను.

“అంత గట్టిగా కొట్టాలా అమ్మా?” అన్నాను.

“మరి తగలాలి గదా సార్” అంది.